ఆ పోల్‌లో నా ఓటు

మా మరిది పొద్దున్న ఫ్యామిలీ గ్రూపులో పోల్ పెట్టాడు. అంతర్వేది ట్రిప్‌లో మీ బెస్ట్ మెమరీ ఏది అని. ఆప్షన్లు నాలుగు. గోదారి దాటించే పంటు మీద గ్రూప్ ఫొటో, లైట్‌హౌస్ దగ్గర జంపింగ్, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర డ్రోన్ షాట్, తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో అంత్యాక్షరి. మధ్యాహ్నానికి అందరూ వేసేశారు. మా ఆయన డ్రోన్‌కి, పెద్దది జంపింగ్‌కి. ఫోనంటేనే విసుక్కునే మావయ్యగారు కూడా బుజ్జోడి చేత పంటుకి వేయించారు. వేయనిది నేనొక్కదాన్నే. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో అందులో కనిపించి చస్తుంది కదా. సాయంత్రం నుంచీ "వదినా, నీదే పెండింగ్" అని మెసేజీలు.

ఇవాళ చెప్పుకోడానికేమీ లేని రోజు. పొద్దున్న రెండు గంటలు కరెంటు లేదు, పిండి పులిసిపోతే అట్లు పోసేశాను, పనమ్మాయి రాలేదు. వీటి మధ్యలో ఎప్పుడు ఫోను తీసినా ఈ పోలే. వేలితో ఒక్కసారి నొక్కితే అయిపోయే పని. నొక్కబుద్ధి కాలేదు. నాకు నచ్చింది ఆ నాలుగింట్లో లేదు. ఎందుకు లేదయ్యా అంటే, అది వీడియోలో పడలేదు.

ముందు ట్రిప్పు సంగతి చెప్పాలి. పండక్కి హైదరాబాదు నుంచి దిగుతూనే మరిది ప్రకటించాడు, ఈసారి మగాళ్ళంతా కోడిపందేల బరి దగ్గరా, ఆడాళ్ళంతా పొయ్యి దగ్గరా కాదు, అందరం కలిసి మెమరీస్ క్రియేట్ చేసుకోవాలి అని. మాట మంచిదే. పొయ్యి దగ్గర నుంచి లేవమంటే నాకేం చేదా. ముక్కనుమ మర్నాటికి వ్యాన్ మాట్లాడారు. ముందురోజు రాత్రి తోడికోడలు టైమ్ టేబుల్ పంపింది. 7:40 మాధవాయిపాలెం రేవు, 8:10 సఖినేటిపల్లి, 8:45 దర్శనం, 9:30 టిఫిన్, అలా. అందరికీ పసుప్పచ్చ టీ షర్టులు, వీపు మీద ఇంటిపేరు. అత్తయ్యగారు తనది చీర మీద నుంచే తొడుక్కున్నారు. ఆ గుడ్డ ఏం గుడ్డో, ఒక్క ఉతుక్కే బకెట్ నీళ్ళన్నీ పసుపు. నా తెల్ల లంగా ఒకటి పోయింది దాంతో.

గోదారి పంటుకి టైమ్ టేబుల్ ఉంటుందా అండీ? అదీ పండగ రద్దీలో! రేవులో బళ్ళు ఎక్కడిదాకా నిలబడ్డాయో మాకు చివర కనిపించలేదు. పంటు అవతలి నుంచి రావాలి, కార్లూ ఆటోలూ దిగాలి, కుర్రాడు "ముందుకి, ఇంకా ముందుకి" అంటూ బంపరు బంపరుకి ఆనించి నిలబెట్టాలి, సందుల్లో మోటారు సైకిళ్ళు దూరాలి, అప్పుడు గొలుసులు లాగి తలుపు లేపాలి. మా వంతు వచ్చేసరికి టైమ్ టేబుల్‌లో మేము టిఫిన్ చేస్తూ ఉండాలి. అప్పటి నుంచి రోజంతా ఒకటే తరుముడు. గుళ్ళో దర్శనం అయ్యాక అత్తయ్యగారు రథం దగ్గర ఆగారు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు ఆవిడ రెండు పూటలు అన్నం తినలేదు. కొత్తది చేయించాక ఇంతవరకూ దగ్గర్నుంచి చూడలేదు. భీష్మ ఏకాదశి తీర్థానికి ఆ జనంలో రాలేనమ్మా, ఇప్పుడే కాసేపు చూస్తాను అన్నారు. పక్క నుంచి "అమ్మా, లైట్‌హౌస్‌కి లేటయిపోతోంది." ఆవిడ చెంపలు వేసుకుని వచ్చేశారు. లైట్‌హౌస్ దగ్గర మాత్రం అందరూ ఒకేసారి గాల్లోకి లేచేదాకా ఎంతసేపైనా ఎగరొచ్చు, దానికి లేటు కాదు. మావయ్యగారి మోకాళ్ళ సంగతి తెలిసి కూడా ఎగరమన్నారు. ఆయన చేతులు పైకెత్తి కాళ్ళు కింద ఉంచారు. ఫొటోలో ఎవరో ఆయన్ని తుపాకీతో బెదిరిస్తున్నట్టుంది.

అసలు సంగతికొస్తాను. టైమ్ టేబుల్‌లో 11:30కి బీచ్‌లో బాల్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు. సముద్రపు గాలిలో ఉన్ని బంతి! ఈ ఊళ్ళలో పుట్టినవాళ్ళెవరైనా వేసే ప్లానేనా అది? కొబ్బరితోటల మధ్య, సాయంత్రం గాలి పడిపోయాక ఆడే ఆట. మా పుట్టింటి దగ్గర కొబ్బరాకు కదిలితే పెద్దవాళ్ళు బ్యాట్లు చంకన పెట్టుకుని కూర్చునేవారు. ఇక్కడ మరిది సర్వీస్ చేస్తే బంతి సగం దూరం వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి వాడి కాళ్ళ దగ్గరే పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. చివరికి డ్రైవరు చెప్పాడు, సరుగుడు తోటల వెనక్కి వెళ్ళండి, గాలి ఆగుతుంది అని. నెట్ అక్కడికి మార్చుకున్నాం.

ఐదుగురికి ఐదుగురు కావాలి, మా పక్క ఒకరు తగ్గారు. అత్తయ్యగారు టీ షర్టు మీద కొంగు చుట్టి బొడ్లో దోపుకుని "నాకియ్యి" అన్నారు. ఆవిడ హైస్కూల్లో ఆడారని విన్నాను గానీ, ఎప్పుడూ చూడలేదు. ముందు రెండు బంతులు వదిలేశారు. మూడోది మరిది బలంగా కొడితే, ఆవిడ అడుగు ముందుకేసి, బ్యాట్‌ని ఏటవాలుగా బంతి కింద నుంచి అలా కోశారు. బంతి గిరగిరా తిరుగుతూ నెట్ అంచుకి రాసుకుని అవతల జారిపోయింది. కట్ షాట్. మా ఆయన నోరు తెరిచి నిలబడిపోయారు. యాభై ఏళ్ళయింటుంది ఆవిడ బ్యాట్ పట్టి. ఆవిడ మొహం చూడాలి! మా పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మొహం నేనెరగను. ఈ ఇంట్లో ఎవరి తల్లీ, ఎవరి అత్తగారూ కాని మనిషెవరో అక్కడ నిలబడి ఉన్నారు.

అప్పుడు మా మరిది అన్న మాట: "అమ్మా, అమ్మా, రికార్డింగ్ ఆన్‌లో లేదు. మళ్ళీ ఒక్కసారి. స్లో మోషన్ పెడతాను."

పాపం, ఆవిడ సరేనన్నారు. తోడికోడలు బంతి వేసింది, తగల్లేదు. ఇంకోటి, నెట్‌కి కొట్టుకుంది. "కాస్త ఇటు తిరగండత్తయ్యా, వెలుతురు ఇటుంది." ఇంకోటి. ఇంకోటి. ఆఖరికి ఆవిడ బ్యాట్ బుజ్జోడి చేతికిచ్చి, "ఎండెక్కిందమ్మా, పులిహోర తీస్తాను" అంటూ వెళ్ళి చెట్టు కింద కూర్చున్నారు.

అంతే జరిగింది. పెద్ద విషయమేం కాదు. కానీ ఆ "మళ్ళీ ఒక్కసారి" వారం నుంచీ నా చెవిలోనే ఉంది. ఇవాళ ఆ పోల్ చూడగానే మళ్ళీ మండింది. క్లిప్పు ఉన్నదే క్షణమా? పడనిది జరగనట్టేనా? మధ్యాహ్నం గిన్నెలు తోముతూ మనసులో పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మా చిన్నప్పుడు ఎవడు తీశాడు ఫొటోలు, ఎవడు వేశాడు టైమ్ టేబుళ్ళు, అయినా ఎంత గుర్తున్నాయి అని. ఉదాహరణ కూడా సిద్ధంగా ఉంది. పాశర్లపూడి.

బ్లో అవుట్ అంటే మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న గ్యాస్ బావి అంటుకుంది. సంక్రాంతి వారంలో ఉంది. మార్చి దాకా ఆరలేదు. మా ఊరు రాజోలు పక్క కదా, రాత్రయితే తూర్పు ఆకాశమంతా నారింజ రంగు. కోళ్ళు వేళాపాళా లేకుండా కూసేవి. మంటకి దగ్గర ఊళ్ళలో దీపం లేకుండా పేపరు చదువుకోవచ్చట అని మా పెద్దమ్మ చెప్పేది. ఆ ఊళ్ళ నుంచి జనాన్ని ఖాళీ చేయించారు. మా నాన్నకి పినతల్లి వరసయ్యే ఆవిడ, గేదెనీ దూడనీ ఎవరికో అప్పజెప్పి, పిల్లల్తో మా ఇంటికొచ్చి పండగంతా ఉంది. వంటింట్లో కూర్చుని అరిసెల పాకం కలుపుతూ, ఉన్నట్టుండి ఏడ్చేది.

ఒక రాత్రి నాన్న "పదండి, చూసొద్దాం" అన్నారు. చేతక్ స్కూటరు మీద నలుగురం. నేను ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్నాను, వెనక అన్నయ్య, అమ్మ. చలి. నా తలకి అమ్మ ఉన్ని శాలువా బిగించి కట్టింది, చెవుల మీద నుంచి. కాలవగట్టు మీద వెళ్తుంటే కొబ్బరిచెట్ల నీడలు రోడ్డు మీద కదులుతున్నాయి, ఏ చందమామా లేకుండానే. ముందు చప్పుడు వినిపించింది. ఆ శాలువాలోంచి కూడా. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా ఒకటే హోరు, పళ్ళలోకి ఎక్కేది. పోలీసులు దూరంగానే ఆపేశారు. అక్కడే జనం గుంపులుగా. సైకిళ్ళూ, ఎడ్లబళ్ళూ, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళూ. ఎవరో వేరుశెనక్కాయలు అమ్ముతున్నాడు. చెట్ల పైన నిలువుగా మంట. అంతదూరంలో కూడా మొహం మీద వెచ్చగా తగిలింది. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు కూడా అనుకుంటా. నాన్న కాయలు వలిచి మా ఇద్దరి చేతుల్లో పోస్తున్నారు. అమ్మ మాత్రం "ఇది చూడ్డానికి రావలసిన వినోదమా, ఇంట్లో ఆవిడకి మొహం ఎలా చూపిస్తాం" అని సణుగుతూనే ఉంది, కళ్ళు తిప్పకుండా చూస్తూనే ఉంది.

మా చిన్నతనంలో ఏ తీర్థమూ, ఏ సెలవుల ప్రయాణమూ నాకంత గుర్తులేదు. ఒకళ్ళ ఇళ్ళు ఖాళీ అయిన రాత్రి మాకు విహారయాత్ర అయిందని తల్చుకుంటే ఇప్పటికీ ఒంటికి ఎలాగో ఉంటుంది. సంతోషం కూడా ఉంది. రెండూ ఉన్నాయి, ఏం చెయ్యను.

సరే, ఈ ఉపన్యాసానికి సాక్ష్యం కావాలి కదా, రాత్రి అన్నాలయ్యాక అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, పాశర్లపూడి వెళ్ళాం చూడు, నాన్న అనుకోకుండా బయల్దేరదీశారు కదా" అన్నాను.

"అనుకోకుండా ఏటే? నాలుగు రోజుల నుంచి ఒకటే గొడవ. మేష్టారి ఇంటికెళ్ళి కెమెరా అడిగొచ్చారు. రీలు కోసం రాజోలు వెళ్ళొచ్చారు. పండగ సరుకుల డబ్బుల్లోంచి కొన్నారని నేను రెండ్రోజులు మాట్లాళ్ళేదు."

కెమెరానా?

"నీకు గుర్తులేదా? వెనక మంట పడేలా నిలబడండి, కదలకండి అని మిమ్మల్నిద్దర్నీ ఎంతసేపు నిలబెట్టారో! నువ్వు బిక్కమొహం వేస్తుంటే, పోనీ అన్నయ్య చెయ్యి పట్టుకోవే అన్నారు."

వెనకాల్నుంచి నాన్న గొంతు: "యాషికా అది!"

"యాషికా కాదు, హాట్‌షాటు. ముప్ఫయ్యారు ఫొటోలూ నల్లగా వచ్చాయి. ఒకదాంట్లో మూలకి ఎర్ర చుక్కుంది. స్టూడియో అతను డబ్బులు తీసుకోడానికి మొహమాటపడ్డాడు. తీసుకున్నాడనుకో."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వొచ్చింది. తర్వాత కాస్త ఉక్రోషం కూడా. అన్నయ్య తనంతట తను పట్టుకున్నాడనే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. అది ఫొటో కోసమట! అయితే చెయ్యి చెయ్యి కాకుండా పోయిందా అంటే, పోలేదు. వాడి అరచెయ్యి తడిగా ఉండటం నాకిప్పటికీ తెలుసు. నాన్న కూడా అచ్చం మా మరిదిలాగే "కదలకండి, ఇటు తిరగండి" అన్నారన్నమాట. తేడా ఏమిటంటే ఆయన ఫొటోలు రాలేదు. వచ్చి ఉంటే? మా హాల్లో ఫ్రేము కట్టి ఉండేది, చుట్టాలొచ్చినప్పుడల్లా చూపించేవాళ్ళం, నాకు ఆ ఫొటో గుర్తుండేదేమో, శాలువాలోంచి వినిపించిన హోరు పోయేదేమో. అలా కూడా చెప్పలేను. రెండూ ఉండేవేమో.

మధ్యాహ్నం ఉపన్యాసం మాత్రం పాడైపోయింది. మరిది మీద కోపం కొంత తగ్గింది. వాడికీ ఉన్నది ఏడాదికి ఒక పండగ, నాలుగు రోజుల సెలవు, అందులో ఒకరోజు రైలుకి పోతుంది. పిండినంత పిండుకోవాలని చూస్తాడు. టీ షర్టు మీద కోపం అలాగే ఉంది. రథం దగ్గర తరిమిన కోపం కూడా ఉంది, అది తగ్గదు. ఆవిడ కాసేపు చూస్తానంది అంతే కదా.

నీళ్ళు తాగడానికని వంటింట్లోకి వెళ్తే అత్తయ్యగారు ఇంకా పడుకోలేదు. పెరుగు తోడేస్తున్నారు. పోల్ సంగతి చెప్పి, "మీ కట్ షాట్ అందులో లేదత్తయ్యా, అందుకే నేను ఓటెయ్యలేదు" అన్నాను. ఆవిడ అదేం పట్టించుకోలేదు. "ఆ బ్యాట్‌కి గట్టింగ్, అదే ఆ తీగల అల్లిక, వదులైపోయిందమ్మా. మళ్ళీ కొట్టమంటే అందుకే పళ్ళేదు. వాడి అమ్మ బంతి వేసినా పడదు దాంతో" అన్నారు. వాడి అమ్మ తనేనని ఇద్దరికీ ఒక క్షణం ఆగి వెలిగింది.

తర్వాత అక్కడే నిలబడి ఆట గురించి చెప్పుకుంటూ పోయారు. ఆవిడ రోజుల్లో గేమ్ 29 పాయింట్లకట. ఇప్పుడు 35 అని బుజ్జోడు చెబితే ఆవిడకి నచ్చలేదు. "ముప్ఫయ్యయిదేవిటి, ఊపిరి ఉండద్దూ?" మే నెలలో వాళ్ళు మళ్ళీ వస్తారు కదా, పాపికొండలు అంటున్నాడు మరిది. పడవా, ఎండా, నా వల్ల కాదన్నారు. మన దొడ్లోనే నెట్ కట్టండి, సాయంత్రం ఐదు దాటాక, 29కి అయితే నేను ఆడతాను అని షరతు.

గ్రూపులో అదే రాశాను ఇప్పుడు, పోల్ కింద. మేలో దొడ్లో మ్యాచ్, 29 పాయింట్లు, అత్తయ్యగారు మా టీమ్ అని. రాత్రి పదకొండున్నరకి మరిది వెంటనే బదులిచ్చాడు: "సూపర్ వదినా! ట్రైపాడ్ తెస్తాను." తెచ్చుకోమన్నాను. రేపు పాలకొల్లు బజార్లో బ్యాట్‌కి గట్టింగ్ వేయించాలి, ఎంతడుగుతాడో.