సైగాన్‌లో ‘యా’ అంటే

ఇవాళ ఒక చిన్న మాట అర్థమైంది, మర్చిపోకముందే రాసుకోవాలి.

పోయిన నెల ఇక్కడ వియత్నాంలో, సైగాన్‌లో (హో చి మిన్ సిటీ) మిర్చి కొనే ఒక కంపెనీ మేడమ్‌తో మీటింగ్ అయింది. తొడిమ తీసిన తేజ రకం మిర్చి, రెండు కంటైనర్లు, రేటు ఇంత, ఫలానా వారానికి కాట్ లాయ్ పోర్టుకి చేరుస్తాం అని నేను ఒక్కో ముక్కా చెబుతుంటే ఆవిడ ప్రతిదానికీ ‘యా’ అంటూ తలూపారు. బయటికి రాగానే గుంటూరుకి ఫోన్ చేసి ఆర్డర్ ఖాయం సార్ అని చెప్పేశాను. ఓనరు గారు కోల్డ్ స్టోరేజీ నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపించి, కూలీలను పెట్టి తొడిమలు తీయించడం మొదలుపెట్టారు. అప్పటినుంచీ మేడమ్‌కి జాలో యాప్‌లో మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాను (ఇక్కడ మాటామంతీ అంతా జాలోలోనే), జవాబు మర్యాదగా వస్తుంది, సంతకం మాత్రం రాదు. నిద్ర పట్టనంత టెన్షన్.

మధ్యాహ్నం తిన్నాక ఎప్పటిలాగే ఆఫీసులో లైట్లు ఆర్పేసి అందరూ చాపలు, మడతమంచాలు వేసుకున్నారు. పడుకోబోతున్న మా అసిస్టెంట్ అమ్మాయిని ఆపి అడిగేశాను, ఆవిడ ‘యా’ అన్నారు కదా, మరి ఏమైంది అని.

“అది ఒప్పుకోవడం కాదు ఆన్, మీ మాట వింటున్నానని.”

హనోయి వైపు అదే మాటను ‘జా’ అంటారు, సైగాన్ యాసలో ‘యా’ అవుతుంది, మన చెవికి అచ్చం ఇంగ్లీషు ‘యా’లాగే పడుతుంది. మనం ఊఁ కొట్టడం లాంటిది, కాకపోతే ఇందులో మర్యాద ఎక్కువ. నలుగురి ముందు ‘కుదరదు’ అంటే నాకు తలవంపులని ఆవిడ ఆ మాట నోటివెంట రానివ్వలేదు. నేనేమో దాన్నే ఒప్పందం అనుకున్నాను.

ఆన్ అంటే అన్న. ఇక్కడ అందరికీ సరిపోయే ‘మీరు’ లేదు, వయసు తెలిస్తే గానీ ఎవరిని ఏమని పిలవాలో తేలదు. అందుకే మొదటిరోజే పుట్టిన సంవత్సరం అడిగారు, 1987 అనగానే వాళ్ళ జంతువుల పేర్ల సంవత్సరాల్లో పిల్లి సంవత్సరం అని లెక్క కట్టుకున్నారు. అప్పుడు మనసుకి కష్టంగా అనిపించింది, వీళ్ళకెందుకు నా వయసు అని.

మేడమ్‌ని మళ్ళీ అడగొద్దు, వాళ్ళ కొనుగోళ్ళు చూసే ఆయన్ని కాఫీకి పిలవండి అంది ఆ అమ్మాయి. మూడింటికి ఫుట్‌పాత్ మీద పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని, చిక్కటి డబ్బాపాలు, ఐసు వేసిన కాఫీ తాగుతూ అరగంట పిల్లల గురించే మాట్లాడుకున్నాం. నేను మిర్చి ఊసెత్తలేదు. ఆయనే ఎత్తారు. రేటు ఇబ్బంది కాదట, ఇదివరకు వేరేచోట నుంచి వచ్చిన సరుకు తేమ ఎక్కువై బూజు పట్టిందట, మేడమ్‌కి ఆ భయం ఇంకా పోలేదు. ముందు ఒక్క కంటైనర్ అయితే తీసుకుంటారు, అదీ టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) సెలవులకు గోడౌన్లు మూసేలోపే చేరాలి.

సాయంత్రం ఓనరు గారికి జరిగిందంతా చెప్పాను, తప్పు నాదే సార్ అని కూడా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఒక్కటే లోడ్ చేయిద్దాంలే, తేమ రిపోర్టు ముందు పంపిద్దాం అన్నారు. తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఈ వారం పని ఆపొద్దని అడిగాను. సరే అన్నారు.