వాన తర్వాత ఊడ్నడాట్టా ట్రాక్: మారీ నుంచి విలియం క్రీక్ దాకా

దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో మారీ నుంచి మార్లా దాకా ఊడ్నడాట్టా ట్రాక్ సుమారు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు. దాన్ని విడతలు విడతలుగా చూడాలన్నది ఎప్పటినుంచో ఉన్న కోరిక. 2025 చలికాలంలో మొదటి విడత పూర్తయింది.

అడిలైడ్ నుంచి పోర్ట్ అగస్టా, క్వోర్న్, హాకర్ మీదుగా లిండ్‌హర్స్ట్ చేరేసరికి వాన వెలిసింది. కానీ అక్కడి రోడ్ల బోర్డు చూస్తే మారీ వరకే దారి తెరిచి ఉంది, ఆపైన మూసేశారు. మా బావమరిది, “బావా, మనది ఫోర్‌వీల్ డ్రైవే కదా, మెల్లగా పోదాం” అన్నాడు. వద్దన్నాను. మూసిన రోడ్డెక్కితే జరిమానా తప్పదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. తడి బంకమట్టిలో మన చక్రాలు చేసిన గాడి ఎండాక రాయిలా బిగుసుకుపోతుంది. గ్రేడర్ వచ్చి చదును చేసేదాకా వెనకొచ్చే ప్రతి బండీ అందులో పడి కొట్టుకోవాల్సిందే. పశువుల్ని, సరుకుల్ని ఆ దారినే తోలుకునే స్టేషన్ల (పశువుల్ని పెంచే పెద్ద ఎస్టేట్ల) వాళ్లకు మనం చేసే అన్యాయం అది.

కాబట్టి మారీలో ఆగాం. ఎదురుచూపు వృథా అనిపించలేదు. 1980లో మూతపడిన పాత ఘాన్ రైలుమార్గం ఈ ఊరి మీదుగానే వెళ్లేది, ఇంజిన్లు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి. ఒంటెలవాళ్లు ప్రార్థన చేసుకున్న తొలి మసీదుకు గడ్డి కప్పు వేసిన నమూనా కూడా ఉంది. అందర్నీ అఫ్ఘాన్లనే పిలిచేవారు గానీ, వాళ్లలో చాలామంది పంజాబు, బలూచిస్తాన్ ప్రాంతాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. రైలు, లారీ రాకముందు ఈ ఎడారి ఊళ్లకు పిండి, ఉప్పు మోసింది వాళ్ల ఒంటెలే. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

బోర్డు “ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లకు మాత్రమే” అని మారాక కూడా తెల్లవారగానే బయల్దేరలేదు. రాత్రి మంచుకు పైమట్టి మళ్లీ మెత్తబడుతుంది, ఎండెక్కితే చాలా తేడా. తారురోడ్డు మీద 38 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైర్ల గాలిని 28కి దించాం. వేగం అరవై దాటనివ్వలేదు. వీలైనంతవరకు రోడ్డు మధ్యలో, ఉబ్బెత్తుగా ఉన్నచోటే నడిపాం. పక్కకి జారితే నీళ్లు నిలిచిన కాలవలోకే.

అసలు పరీక్ష చప్టాల దగ్గర. ఒకచోట నీళ్లు లేవు, పైన పగుళ్లిచ్చిన మట్టి, చూస్తే పూర్తిగా ఎండినట్టే ఉంది. దిగి కర్ర గుచ్చాను. పైన రెండు వేళ్ల మందం పెళుసుగా విరిగింది, ఆ కింద కర్ర మూరెడు లోతుకి సులువుగా దిగిపోయింది. పైకి లాగితే కుమ్మరి సారె మీది మట్టిలా మెరుస్తూ అంటుకొచ్చింది. ఎడమ పక్కన ఎవరో అప్పటికే దాటిన జాడ, దాని కింద గులకరాళ్లు. అక్కడ నడిచి చూసుకుని, లో-రేంజ్‌లో (వేగం తగ్గి లాగే బలం పెరిగే ఫోర్‌వీల్ అమరికలో) రెండో గేరు వేసి, మధ్యలో ఎక్కడా ఆపకుండా దాటాం. నీళ్లు పారుతున్న చప్టా అయితే ఈ పద్ధతి పనికిరాదు. ప్రవాహం తగ్గేదాకా ఒడ్డున టీ కాచుకోవడమే.

ప్రతి ఆగుడులోనూ చేసిన పని: చక్రాల పైకప్పుల్లో ఇరుక్కున్న బురదని కర్రతో పొడిచి రాల్చడం, రేడియేటర్ ముందు చేరిన గడ్డిగింజలు దులపడం. వాన పడితే ఎడారిలో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఆ ఎండుగింజలు సైలెన్సర్ పైప్ దగ్గర పోగైతే బండికి నిప్పంటుకుంటుంది కూడా. కింద పడుకుని చూడటానికి బద్ధకించకూడదు.

కవర్డ్ స్ప్రింగ్స్‌లో ఖర్జూర చెట్ల కింద గుడారం వేశాం. పాత రైలు స్లీపర్ చెక్కలతో కట్టిన తొట్టిలో భూగర్భం నుంచి ఉబికే గోరువెచ్చని నీళ్లు. ఒళ్లు నొప్పులన్నీ పోయాయి. దోమలు మాత్రం దండిగా ఉన్నాయి, వాన తర్వాత వెళ్లేవాళ్లు దోమతెర మర్చిపోవద్దు.

విలియం క్రీక్‌లో పట్టుమని పది మంది కూడా కనపడరు, కానీ చిన్న విమానాలకి రద్దీ. 2025 మార్చి చివర్లో పడమటి క్వీన్స్‌లాండ్‌ని ముంచిన వాన, నదుల వెంట వారాల తరబడి నడిచి కాతి తాండా-ఐర్ సరస్సుకి చేరింది. సుమారు 9,500 చదరపు కిలోమీటర్ల సరస్సు, సముద్రమట్టానికి దాదాపు 15 మీటర్ల దిగువ. విమానమెక్కి పైనుంచి చూస్తే ఒకవైపు తెల్లటి ఉప్పు, పక్కనే లేత గులాబీ, ఆపైన పాలు కలిపిన టీ రంగు నీళ్లు. విమానం ఒరిగినప్పుడు కింద తెల్లని చుక్కలు కదిలాయి, పెలికాన్లు! మా బావమరిది కిటికీకి ముఖం ఆనించి మాట్లాడటం మానేశాడు. ఇది ఇక్కడి ఆదివాసులైన అరబానా ప్రజలకు పవిత్రమైన చోటు, సరస్సు గర్భంలోకి దిగకూడదు. ఆకాశం నుంచి చూడటమే సరైన పద్ధతి, ఆ టికెట్టు డబ్బు ఏమాత్రం దండగ కాదు.

ఉత్తరాన ఊడ్నడాట్టా వైపు దారి అప్పటికింకా మూసే ఉంది. పడమటికి 166 కిలోమీటర్లు తిరిగి కూబర్ పీడీ చేరి, తారురోడ్డు ఎక్కి, టైర్లలో గాలి నింపుకుని ఇంటికొచ్చాం. 1892లో నీల్స్ నది మీద కట్టిన ఆల్జిబకీనా రైలు వంతెన రెండో విడతకి మిగిలింది. దానికి ఇంధనానికి ఇంకో జెర్రీ క్యాన్, రెండో స్పేర్ టైరు కొనాలి.