సైగలు వస్తే సరిపోదు

ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్లకు, అంటే మాటల్ని బధిరుల సైగల భాషలోకీ, సైగల్ని మాటల్లోకీ మార్చేవాళ్లకు, పాఠాలు చెప్తున్నకొద్దీ ఒకటి గట్టిగా అనిపిస్తోంది: సైగలు రావడం వేరు, ఇంటర్‌ప్రెట్ చెయ్యడం వేరు. దీనికి డిప్లొమా కోర్సు రెండేళ్లు. నన్నడిగితే అదీ చాలదు.

మొదటి అభ్యాసంలో సైగలే ఉండకూడదు. రెండు నిమిషాల తెలుగు ఆడియో వినిపించి, అదే విషయాన్ని సొంత మాటల్లో తెలుగులోనే చెప్పించాలి. ఇది రానివాళ్ల చేతులు తర్వాత మాటల వెంటపడతాయి, అర్థం జారిపోతుంది.

ఆ తర్వాత అదే ఆడియోను సైన్ చేయించి వీడియో తీయాలి. అసలు తప్పులు అక్కడ దొరుకుతాయి. డాక్టర్ "ఈ మాత్ర పరగడుపున వేసుకోకూడదు" అంటాడు. కాదు, వద్దు అనే సంగతి తెలుగులో వాక్యం చివర్లో తేలుతుంది. తొందరపడిన విద్యార్థి అప్పటికే "వేసుకోండి" అని చూపించేసి ఉంటాడు. క్రియ వినేదాకా ఆగడం అలవాటు చెయ్యాలి. మరీ ఆగితే అంకెలు, పేర్లు జారిపోతాయి, కాబట్టి వాటిని మాత్రం వెంటనే పట్టుకోవాలి.

ముఖం కూడా వ్యాకరణమే. కనుబొమలు కదలకపోతే అవునా కాదా అనే ప్రశ్న మామూలు వాక్యంలా కనిపిస్తుంది.

సైగల్ని చూసి గొంతుతో చెప్పడం ఇంకా కష్టం, దానికి సగం క్లాసులైనా ఇవ్వాలి.

పెద్ద సభలకు ఇద్దరు కావాలి, ఇరవై నిమిషాలకోసారి మారాలి. పక్కన కూర్చున్నవాళ్లది విశ్రాంతి కాదు, తప్పిన అంకె అందించాల్సింది వాళ్లే.

మార్కులు వేసేవాళ్లలో బధిర ఉపాధ్యాయులు తప్పనిసరిగా ఉండాలి. అర్థమైందో లేదో తేల్చాల్సింది వాళ్లు.