మేక మోకాలు, ఎర్ర లేజరు

"మోకాలి గుజ్జు అరిగిపోయిందండి" అని డాక్టరుగారు తేల్చేశాక, అమలాపురం నుంచి ఇంటిదాకా ఆటోలో అమ్మది ఒకటే గొడవ. "అరిగిందని ఆయనకెలా తెలిసిందే? లోపల చెయ్యి పెట్టి చూశాడా?"

ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు. ఎముకల మధ్య సందు తగ్గడం కనపడుతుంది, అంతే. సందు తగ్గేలోపే పైపొర గరుకెక్కుతుంది. డిగ్రీ పిల్లలకు ఫిజిక్సు చెప్పే నాకు ఆ గరుకు సంగతి తేల్చేదాకా మనసొప్పలేదు.

ఆదివారం మాంసం కొట్లో మేక మోకాలి కీలు విడిగా అడిగాను. "ఆయ్, సూపుకాండీ?" అన్నాడు. ఆయ్ అనేశాను.

క్లాసులో వాడే లేజరు పాయింటరు కాంతి తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. రేలీ అనే శాస్త్రవేత్త లెక్క ప్రకారం, నిటారుగా పడే కాంతికి అందులో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 81 నానోమీటర్ల ఎత్తుపల్లాలు దాటితే ఆ తలం గరుకే. వేలికి వెన్నలా తగిలేది కూడా లేజరుకు గతుకుల రోడ్డు కావచ్చన్నమాట.

గుజ్జు సగభాగాన్ని 220 నంబరు వాటర్ పేపరుతో, అంటే గరుకు కాగితంతో, రుద్దాను. లేజరు వేస్తే, రెండు సగాల నుంచి తిరిగొచ్చిన వెలుగూ గోడ మీద ఒకేలా మెరిసింది! కీలులోని జిగురునీరు గీతల్లో నిండి, వాటిని కప్పేస్తోంది. అద్దుడు కాగితంతో ఒత్తితే రుద్దిన వైపు వెలుగు చెదిరి పరుచుకుంది. ఇంకాసేపు వదిలితే ఎండి, రుద్దని వైపూ ముడతలు పడింది. ఆ మధ్యలో దొరికే కొద్ది నిమిషాలే మనవి. పైగా గుజ్జు గుండ్రం. ఆ వంపు కూడా వెలుగును చెదరగొడుతుంది. అందుకే చదునుగా ఉన్నచోటే చూశాను.

అసలు చిక్కు వేరే ఉంది. లేత కొబ్బరిలా తెల్లగా ఉండే ఆ గుజ్జులోకి కాంతి దూరి, లోపల అటూ ఇటూ తగిలి, మళ్లీ బయటికొస్తుంది. గరుకుకు దానికీ సంబంధం లేదు. పాడైన కాలిక్యులేటర్ల తెరల నుంచి రెండు పోలరాయిడ్ ముక్కలు (ఒకే దిశలో ఊగే కాంతినే వదిలే పొరలు) ఒలిచి, ఒకటి లేజరు ముందు, ఒకటి ఫోను ముందు పెట్టాను. పైపొర నుంచి తిరిగొచ్చే కాంతి తన ధ్రువణాన్ని, అంటే ఊగే దిశను, చాలావరకు నిలుపుకుంటుంది, లోపల తిరిగొచ్చింది పోగొట్టుకుంటుంది. ముక్కలు ఒకే దిశలో ఉన్న ఫొటోలోంచి అడ్డంగా తిప్పి తీసినదాన్ని తీసేస్తే, మిగిలేది ఎక్కువగా పైపొరదే. గరుకు ఎంతో మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, చెప్పమంటే చెప్పలేను. ఏ సగం గరుకో మాత్రం తెలిసింది.

అమ్మ చీర కుచ్చిళ్లు పైకి లాగి, "నాదీ చూడవే" అంది. చర్మం దాటి గుజ్జుదాకా పోదమ్మా అంటే వినదే. వేశాను. మేక గుజ్జు మీద ఇసుక చల్లినట్టు నిలిచి ఉన్న ఎర్రచుక్కలు, అమ్మ మోకాలి మీద ఒక్కటీ నిలవలేదు. ఒకదాంట్లో ఒకటి కరిగిపోతున్నాయి.

"ఎందుకే అలా అలుక్కుపోతున్నాయి?"

"నెత్తురు పారుతోందమ్మా."