వేడి చేసిందనే మాట చాటున

ఈసారి పీర్ల పండుగకు ముంబయి నుంచి ఊరికి వచ్చిన ఒక తండ్రి, కొడుకు చదువు సంగతి కనుక్కోవడానికి మా బడికి వచ్చి, పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళేదాకా వేపచెట్టు కింద నిలబడి, "సార్, ఒంటికి పోతే మంట లేస్తున్నది, వేడి చేసినట్టేనా?" అని మెల్లగా అడిగాడు. నారాయణపేట ప్రాంతంలో జీవశాస్త్రం చెప్పే పంతులును కాబట్టి డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటాయి.

మూడు వారాలుగా ఆయన మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు తాగుతున్నాడు. అక్కడి మందుల దుకాణంలో అడిగి రెండు రోజులు గోలీలు వేసుకుంటే మంట తగ్గి, మళ్ళీ మొదలైందట. చీము కూడా పడుతున్నదని చివరికి చెప్పాడు. నీళ్ళు చాలకపోయినా, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మంట రావచ్చు గాని, చీము పడితే గనేరియా వంటి సుఖవ్యాధిని అనుమానించాల్సిందే. మన దగ్గర వీటన్నిటికీ కలిపి "వేడి" అనే ఒక్క మాటే ఉంది. అది మర్యాదైన మాటే, కానీ దాని చాటున రోగం నెలల తరబడి దాగి ఉంటుంది.

సిఫిలిస్ ఇంకా మోసకారి. సోకిన సుమారు మూడు వారాలకు నొప్పి లేని పుండు లేచి, మందు వాడకపోయినా 3 నుంచి 6 వారాల్లో తనంతట తానే మానిపోతుంది. పుండు మానింది కదా అని మనిషి నిశ్చింతగా ఉంటాడు, సూక్ష్మజీవి మాత్రం ఒంట్లోనే ఉండి భార్యకూ, ఆమె గర్భవతి అయితే కడుపులోని బిడ్డకూ చేరగలదు. రక్తపరీక్ష చేస్తే తెలిసిపోయే, పెన్సిలిన్‌తో నయమయ్యే రోగమిది.

ఈ సంగతులు చెప్పే చోటు బడే అంటారు. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠంలో ఎయిడ్స్ గురించి ఉన్న మాట నిజమే. కానీ పాలమూరు పల్లెల్లో ఏడో ఎనిమిదో కాగానే, కూలీలను వలస పనులకు తీసుకెళ్ళే మేస్త్రీ వెంట బస్సెక్కే పిల్లవాడు ఆ పాఠం దాకా రాడు. (వచ్చినవాళ్ళకు కూడా "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసిన సంవత్సరాలు నాకూ ఉన్నాయి.) అందుకే, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి వేలిముద్ర వేయించుకునే రోజునే, ఊరి భాషలో, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేరువేరుగా కూర్చోబెట్టి చెప్పాలని నా అభిప్రాయం. మన ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కూలీలకైతే తెలుగు గోడరాతలు, తెలుగు కరపత్రాలు ఎందుకూ కొరగావు.

చెప్పవలసినది కొండంత ఏమీ లేదు. నిరోధ్ ఎలా వాడాలో చేత్తో చూపించాలి. దేశంలో ఎక్కడినుంచైనా 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చని, జిల్లా ఆసుపత్రుల సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు ఉచితంగా మందులిస్తారని చెప్పాలి. అనుమానం కలిగించే కలయిక జరిగిన మరునాడే చేయించుకున్న హెచ్‌ఐవి పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నమ్మకూడదనీ, మూడు నెలలకు మళ్ళీ చేయించాలనీ చెప్పాలి. సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదనీ, ఫలితం ఇతరులకు చెప్పకూడదనీ 2017 నాటి చట్టం అంటుంది. "ఊరంతా తెలుస్తది" అనే భయంతోనే సగం మంది ఆసుపత్రి గడప తొక్కరు గనుక దీన్ని మొదట చెప్పినా తప్పులేదు.

ఆయనకు చదువు రాదు, అంకెలు వచ్చు. కాగితం మీద 1097 రాసిచ్చి, మధ్యలో మానకుండా మందులు వాడాలనీ, భార్యకు కూడా అదే సమయంలో చికిత్స జరగకపోతే మళ్ళీ అంటుకుంటుందనీ చెప్పాను. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఇంటామెకు ఏమని చెప్పాలె సార్?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. బుధవారం టీకాలకు వచ్చే ఏఎన్‌ఎం అక్కతో ముందుగా నేను మాట్లాడతాననీ, ఇద్దరూ కలిసే రమ్మనీ చెప్పాను. ముంబయి బస్సు మంగళవారమేనన్నాడు.