నాన్న ఆవర్జా, నా డేటాబేస్

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసేవారు. సీజన్లో రాత్రి పదింటికి ఇంటికొచ్చి, భోంచేసి, మళ్ళీ చిట్టా ముందేసుకుని కూర్చునేవారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం ఎంత, హమాలీ ఖర్చు ఎంత పోయింది, చేతికెంత ఇచ్చారు, అన్నీ ఆవర్జాకి, అంటే ఖాతాల పుస్తకానికి, ఎక్కించాలి. అంకె తప్పు పడితే చెరిపేవారు కాదు, మీద గీత కొట్టి పక్కన సరైనది రాసి చిన్న సంతకం పెట్టేవారు. ఎందుకని అడిగితే "చెరిపేస్తే ముందు ఏం రాశానో రేపు నాకే తెలీదమ్మా" అన్నారు.

నేను చదివింది మెకానికల్. అమీర్‌పేటలో జావా నేర్చుకుని ఈ పనిలోకి వచ్చాను, ఇప్పుడు ఎక్కువగా గో అనే ప్రోగ్రామింగ్ భాష, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. స్క్రీన్ల మీద నాకెప్పుడూ పెద్దగా మనసు పోలేదు, వాటి వెనక లెక్క నిలబడుతుందా లేదా అన్నదే నా ధ్యాస.

మొదటి ఉద్యోగంలో ఫీజుల చెల్లింపు సర్వీసు నా చేతికిచ్చారు. బ్యాంకు వైపు నుంచి 30 సెకన్లలో జవాబు రాకపోతే మళ్ళీ పంపు అని కోడ్ రాశాను. ఒక నెలాఖరున అటువైపు నెమ్మదించింది. డబ్బు మొదటిసారే కట్ అయింది, జవాబు మాత్రం ఆలస్యమైంది, ఈలోగా నా కోడ్ రెండోసారి పంపేసింది. జరిగిందంతా నమోదయ్యే లాగ్‌లో ఒకే ఆర్డర్ నంబరు, ఒకే మొత్తం, 18,500 రూపాయలు, 30 సెకన్ల తేడాతో రెండు వరసలు. ఖాతాలో ఇంకేమీ మిగల్లేదని ఆ పిల్లాడి తండ్రి ఫోన్ చేశారట. ఆ రెండు వరసలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

ఆ తర్వాత నేర్చుకున్నదే ఐడెంపొటెన్సీ కీ. ఒక చెల్లింపుకి ఒకటే నంబరు, ఎన్నిసార్లు పంపినా అదే నంబరు వెళ్ళాలి, అందుకునేవాళ్ళు దాన్ని ముందే చూసుంటే పాత జవాబే తిరిగివ్వాలి. డేటాబేస్‌లో ఆ నంబరు దాచే కాలమ్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే ఒకే నంబరు రెండోసారి పడనివ్వని నియమం, కూడా పెట్టాలి, లేకపోతే రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే "ఉందా లేదా" అని చూసే కోడ్ రెండింటికీ లేదనే చెప్తుంది.

ఎవరి కోడ్ రివ్యూ చేసినా నేను ముందు అడిగేది, ఇది సగంలో ఆగిపోతే ఏమవుతుంది అని. డబ్బుని ఫ్లోట్‌లో, అంటే దశాంశాల్ని కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే పద్ధతిలో, పెట్టనివ్వను. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే చోట జనం డబ్బులు ఎలా పెడతాం, పైసల్లో పూర్ణాంకంగా దాచుకోవాలి. లెడ్జర్ టేబుల్లో అప్‌డేట్, అంటే రాసినదాన్ని మార్చేయడం, ఉండదు, తప్పైతే దానికి ఎదురు ఎంట్రీ వేయడమే.

ఇంకో ఇష్టం తెలుగు పేర్లు. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం అంటే 3 బైట్లు, అదీ గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కపెట్టి. 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు. 30 బైట్ల దగ్గర కత్తిరించే ఒక పాత ఫైల్ ఫార్మాట్‌లో శ్రీనివాసరావు గారు 'శ్రీనివాసర' అయిపోవడం నేను చూశాను. మనిషి పేరు అలా తెగిపోతే నాకు నిజంగా కష్టమనిపిస్తుంది, అందుకే ఏ కొత్త టేబుల్ వచ్చినా టెస్ట్ డేటాలో ముందు మా ఊరి పొడుగాటి పేర్లు వేస్తాను.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి ల్యాప్‌టాప్‌లో మా లెడ్జర్ ఎలా ఉంటుందో చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని వరస వరసా చదివారు. చదివి, "బ్యాంకు వాళ్ళ లెక్కతో రోజూ టాలీ చూస్తారా?" అన్నారు. వారానికోసారి చూస్తాం అన్నాను. "యార్డులో టాలీ కాకుండా నేను ఏ రాత్రీ పడుకోలేదమ్మా" అన్నారు. పోయిన వారం నుంచి ఆ టాలీ చూసే ప్రోగ్రామ్ రోజూ రాత్రి 11:30కి నడుస్తోంది.