కడప ఆరోగ్యమాత గుడికి నడక, మధ్యలో ఒక ప్రోనోటు

సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు, ఆరోగ్యమాత పండగ. ఆ పొద్దుటికల్లా కడప మరియాపురం గుడికి చేరేలా మా ఖాజీపేట వైపు పల్లెల నుంచి ముందురోజు సాయంత్రమే కొందరం నడక మొదలుపెడతాం. ఆరోగ్యమాత పెద్ద గుడి ఉన్న తమిళనాడు వేళాంగణ్ణి దాకా పోవాలంటే రైలు టికెట్లు, రూములు, పిల్లల సెలవులు, అదంతా ఒక తంటా. మాకు మరియాపురమే వేళాంగణ్ణి. అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ బాగా జరిగితే నడిచొచ్చి వెండి కళ్లు ఇచ్చుకుంటానని మొక్కుకున్నాను. బాగానే జరిగింది, ఇప్పుడామె టీవీలో కింద పరిగెత్తే స్క్రోలింగ్ కూడా వదలకుండా చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తోంది.

వెండి కళ్లు ప్రొద్దుటూరులో కొన్నాను. పల్చటి రేకు, అగ్గిపెట్టెంత డబ్బీలో గులాబీరంగు కాగితం చుట్టి ఇచ్చారు. మూత తీస్తే రెండు కళ్లూ రెప్పవేయకుండా మన మొహంలోకే చూస్తుంటాయి. ఒకసారి తీసి చూసి, మళ్లీ తీయకుండా కొంగున ముడేసుకున్నాను.

నడిచేవాళ్లం ఆడా మగా కలిసి నలభై మంది దాకా ఉంటాం. చంకలో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లూ, అరవై దాటిన అవ్వలూ ఉంటారు, అసలు ముందు నడిచేది ఆ అవ్వలే. జపమాల చెప్పుకుంటూ, మధ్యలో ఆపి ఇంటి సంగతులు చెప్పుకుంటూ, మళ్లీ ఎక్కడ ఆపామో గుర్తులేక మొదటికొస్తూ పోతుంటాం. వెనకాల ఒక ట్రాక్టరు వస్తుంది. ట్రాలీలో నీళ్ల డ్రమ్ములు, చాపలు, మజ్జిగ బిందెలు, కాళ్లు రానివాళ్లు ఎక్కి కూర్చోవడానికి కాస్త జాగా. రాత్రిపూట ఆ హైవే మీద లారీలు ఎట్ల పోతాయో తెలిసిందే కదా, అందుకని ట్రాలీ వెనక రేడియం స్టిక్కర్లు అంటించి ఒక లైటు కట్టారు.

ఈసారి ఆ ట్రాక్టరు తోలింది మా చిన్నాన్న కొడుకు. ముందే తెలిసి ఉంటే నేను బస్సెక్కి పోయేదాన్ని, నడక సంగతి మాతతో తర్వాత మాట్లాడుకునేదాన్ని.

వాడికి బోరు వేయించుకోవడానికి రెండు లక్షలిచ్చాను, నా కూతురి ఇంజనీరింగ్ ఫీజుకని దాచిన డబ్బు. ఇంట్లోవాళ్ల మధ్య కాగితాలెందుకని నేనంటే మా నాన్న వినకుండా రూపాయి వడ్డీకి ప్రోనోటు రాయించాడు. బోరులో నీళ్లు పడ్డాయి. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. అడిగితే ఒకసారి ఉల్లి రేటు పడిపోయిందంటాడు, ఒకసారి పసుపు అమ్మినాక అంటాడు, ఒక్కోసారి ఫోనే ఎత్తడు. అదంతా సరే అనుకోవచ్చు, రైతు కష్టం నాకు తెలియనిది కాదు. కానీ రచ్చబండ దగ్గర పదిమంది ముందు "నోటు నీ దగ్గరే ఉంది కదక్కా, పోయి కోర్టులో ఏసుకోపో" అన్నాడు చూడండి, ఆ మాట కడుపులో అట్లే ఉండిపోయింది. నాన్న పోయినప్పుడు వచ్చాడు, పెట్టెకు భుజం పట్టాడు, నన్ను పలకరించకుండానే వెళ్లిపోయాడు.

మా జిల్లాలో పగ అంటే ఏందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సినిమావాళ్లు సుమోలు పేల్చి దాన్ని వేరే ఏదో చేశారు గానీ మామూలు ఇళ్లల్లో ఉండే పగ ఇంతే, పెళ్లి పత్రిక ఇవ్వకపోవడం, ఎదురొస్తే సందు మారడం, వాళ్ల పంట పోయిందని తెలిస్తే అయ్యో అనాల్సిన నోరు మూసుకుని ఉండటం. పైగా ప్రోనోటుకు మూడేళ్లే గడువు. ఆలోపు దావా వేయాలి, లేదంటే బాకీ ఉన్నవాడు ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాలి, అప్పుడు గడువు మళ్లీ మొదలవుతుంది. మా గడువు దగ్గరకొచ్చేసింది. లాయరును కలిసి ఫీజు కూడా మాట్లాడుకుని ఉన్నాను. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి వెనకాల నుంచి రాత్రంతా వాడి ట్రాక్టరు చప్పుడు.

మాతో ఒక సిస్టర్ నడిచారు, కేరళ ఆమె. నా మొహం చూసి ఏం అర్థమైందో గానీ తనంతట తానే రాణి మరియా కథ ఎత్తుకున్నారు. ఆమె కూడా కేరళ నుంచి వచ్చిన సిస్టరే, ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభ. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ వైపు పల్లెల్లో, వడ్డీలకిచ్చేవాళ్ల గుప్పిట్లో ఇరుక్కున్న పేదల తరఫున నిలబడిందని 1995లో బస్సులో పోతుంటే పొడిచి చంపించారు. పొడిచిన సమందర్ సింగ్‌కు యావజ్జీవం పడింది. 2002లో రాణి మరియా సొంత చెల్లెలు, ఆమె కూడా సిస్టరే, సెల్మీ పాల్, జైలుకు పోయి ఆ చేతికే రాఖీ కట్టింది. 2006లో అతను విడుదలయ్యాడు. 2017లో ఇండోర్‌లో రాణి మరియాను ధన్యురాలిగా, అంటే పునీతురాలికి ముందు మెట్టులో, ప్రకటించారు.

"క్షమించారు కదా సిస్టర్, మరి అన్నేళ్లు జైల్లో ఎందుకుంచారు?" అన్నాను. కొంచెం ఎగతాళిగానే అన్నాను.

"జైలు కోర్టు పని. రాఖీ చెల్లెలి పని. రెండూ జరిగినాయి కదా" అన్నారామె, చెప్పులో ఇరుక్కున్న కంకరరాయి తీసుకుంటూ.

ఈ మాట నాకు చాలా నచ్చింది, ఎందుకంటే మా దగ్గర క్షమాపణ గురించి ప్రసంగాలు చేసేవాళ్లు చాలామంది దీన్ని కలగాపులగం చేస్తారు. మొగుడు తాగొచ్చి కొడుతుంటే "క్షమించి కాపురం చేసుకో తల్లీ, ప్రభువు చూసుకుంటాడు" అని పంపించే పెద్దమనుషుల్ని నేను చూశాను. సువిశేషంలో అట్ల లేదు. లూకా 17లో యేసు ముందు చెప్పింది నీ సోదరుడు తప్పు చేస్తే గద్దించమని, ఆ తర్వాత వాడు మారితే క్షమించమని, రోజుకు ఏడుసార్లు వచ్చి అడిగినా సరే క్షమించమని. గద్దించే భాగం వదిలేసి రెండోది మాత్రం ఆడవాళ్లకు చెప్పడం ఏం న్యాయం? మనసులో కోపం వదిలేయడానికి దెబ్బలు తినే ఇంట్లోనే ఉండాల్సిన పని లేదు.

పెన్నా బ్రిడ్జి దగ్గరకొచ్చేసరికి నడిరాత్రి అయింది. దాటి చెన్నూరు రాకముందే ట్రాక్టరు పక్కకాపి అందరికీ మజ్జిగ పోశారు. పచ్చిమిరపకాయ కచ్చాపచ్చాగా దంచి, అల్లం, కరివేపాకు వేసి, ఉప్పు ఒక పిసరు ఎక్కువే వేశారు. చెమటోడ్చిన ఒంటికి అదే కావాలి. పోస్తున్నది వాడే. నేను వరసలో చివరన నిలబడ్డాను, ఇంకెవరన్నా గరిటె తీసుకుంటారేమోనని. ఎవరూ తీసుకోలేదు.

"అక్కా, మజ్జిగ" అన్నాడు.

అంతే. గ్లాసు పట్టుకున్న వాడి చేతికి గ్రీజు అంటి ఉంది, బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయి ఉంది, ఏదో స్పానరు కింద పడి నలిగినట్టు. దాహంగా ఉంది, తాగేశాను. ఇంకో గ్లాసు పోశాడు, అదీ తాగాను. చివర్లో బిందె అడుగున మిగిలిన కరివేపాకు మజ్జిగ వాడు తాగాడు. పక్కనుంచి సిస్టర్, వేళాంగణ్ణిలో మాత కనిపించింది కూడా మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లోడికే కదా అని మొదలుపెట్టారు. మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. ఒడిలో బిడ్డతో వచ్చిన ఒకామె బిడ్డకు మజ్జిగ అడుగుతుంది, ఎవరో ఏందో తెలియకుండానే వాడు పోస్తాడు, తర్వాత వాడి కాలు బాగవుతుంది. కథలో అందరూ కాలు సంగతే చెప్తారు. అమ్ముకోవడానికి తెచ్చిన మజ్జిగ డబ్బడక్కుండా పోశాడన్న సంగతి మీద ఎవరూ ఆగరు.

చెన్నూరు దాటాక నా మడమకు బొబ్బ లేచి చితికింది. కుంటుతుంటే వాడు "ట్రాలీ ఎక్కక్కా" అన్నాడు. మొక్కుబడి, ఎక్కను అన్నాను. వాడింకేం అనలేదు. మిగతావాళ్లు ముందుకెళ్లిపోతున్నా ట్రాక్టరును ఫస్ట్ గేరులో పెట్టి, నేను ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా, వెనకే లైటేసుకుంటూ వచ్చాడు. లారీలు హారన్ కొడుతూ పక్కనుంచి పోయాయి. ఇంజను గుర్రుమంటుంటే నాకు ఒళ్లు మండింది, నిజంగా. ఒక మనిషిని తిట్టుకుందామనుకున్న సమయంలోనే ఆ మనిషి మంచిగా ఉండటం కంటే చిరాకు ఇంకోటి లేదు. ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టు, వాడి నెత్తిన నిప్పులు కుప్పపోసినట్టవుతుందని పౌలు రోమీయులకు రాశాడు. ఇక్కడ శత్రువే నాకు మజ్జిగ పోస్తున్నాడు, నిప్పులు నా నెత్తిన!

తెల్లారేసరికి మరియాపురం చేరాం. కాళ్లు కడుక్కుని, గుడి ఆవరణలో షామియానా కింద ఎక్కడ జాగా దొరికితే అక్కడ కూలబడ్డాం. మాది కడప మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే చర్చిల పరిధి, 1976లో నెల్లూరు నుంచి విడదీసి ఏర్పాటు చేశారు, చిత్తూరు వైపు చర్చిలు కూడా దీని కిందికే వస్తాయి కాబట్టి పండగకు బయటూళ్ల జనం గట్టిగానే ఉంటారు. పూజలో ప్రసంగం చెప్పిన ఫాదర్ మత్తయి 18లో క్షమించని దాసుడి కథ తీసుకున్నారు. నా కోసమే తీశారా అనిపించింది. కానీ నేను రాయాలనుకున్నది ఆయన వేసిన లెక్క గురించి.

రాజుకు ఆ దాసుడు పదివేల తలాంతులు బాకీ. ఒక తలాంతు అంటే ఆరువేల దేనారాలు. దేనారం అంటే ఒక రోజు కూలి. "మీ దగ్గర ఇప్పుడు రోజు కూలి ఎంత?" అని అడిగితే ఎవరో ఐదొందలు అన్నారు. అయితే పదివేల తలాంతులు మూడువేల కోట్ల రూపాయలు అన్నారు ఫాదర్. జనం నవ్వారు. రాజు అదంతా మాఫీ చేసి పంపిస్తే, వీడు గుమ్మం దాటగానే తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటిదాసుడి గొంతు పట్టుకుని జైల్లో వేయించాడు. నూరు దేనారాలంటే యాభైవేలు.

చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నప్పుడల్లా ఆ రెండో బాకీ చిల్లరడబ్బులు అనుకునేదాన్ని, మాకు అట్లనే చెప్పారు. యాభైవేలు చిల్లరా? కూలికి పోయే ఇంట్లో అది మూడునెలల పైమాటే, పనులు దొరకని రోజులు కలుపుకుంటే ఆరునెలలు. యేసు ఒక దేనారం అని చెప్పి ఉండొచ్చు, కథ ఇంకా రక్తి కట్టేది. చెప్పలేదు. ఎదుటివాడు మనకు చేసిన నష్టం నిజమైన నష్టమేనని ఒప్పుకునే ఆ కథ చెప్పాడని నాకు ఆ షామియానా కింద అనిపించింది. నాది చిన్న విషయం, పోనీలే అనుకో అని అందరూ సలహా ఇచ్చారు గానీ, నీది రెండు లక్షలు, ఆ మాట కూడా పెద్దదే అని లెక్క ఒప్పుకున్నది మొదట ఆ కథే.

పూజ అయ్యాక పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడానికి, పోయాను. ఒక వయసాయన, ఊదారంగు స్టోల్ వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. డబ్బు సంగతి, లాయరు సంగతి అంతా చెప్పాను.

"అప్పు అడగడం పాపం కాదు తల్లీ. ఆ దాసుడు అడిగినందుకు కాదు, గొంతు పట్టుకున్నందుకు శిక్ష పడింది. గడువిమ్మని కాళ్లు పట్టుకుంటే వినలేదు. మీవాడు గడువు అడిగినాడా?"

"కోర్టుకు పొమ్మన్నాడు ఫాదర్."

"సరే, నువ్వు అడిగించు" అన్నారు. ప్రాయశ్చిత్తంగా పరలోక జపం ఒక్కసారి చెప్పమన్నారు, మెల్లగా, వాడి పేరు తలుచుకుని. ఇంతేనా అనుకుని పక్కకొచ్చి మొదలుపెట్టాను. "మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు" దగ్గర గొంతు ముందుకు పోలేదు. రోజూ పొద్దున గడగడా చెప్పేసే జపం.

అప్పటికి వెండి కళ్లు ఇచ్చే వరస గేటు దాకా ఉంది. కానుక తెచ్చినప్పుడు నీ సోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు పోయి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. వాడికి నా మీద కాదు, నాకే వాడి మీద ఉంది కదా అని కాసేపు వాదించుకున్నాను. ఆఖరికి డబ్బీ మా మేనత్త చేతిలో పెట్టి, వరసలో నా జాగా చూస్తుండమని చెప్పి ట్రాక్టరు దగ్గరకు పోయాను.

వాడు టైరుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. లేపాను.

"నోటు చింపను రా" అన్నాను. నోటికి వచ్చిన మొదటి మాట అదే.

"చింపమని నేను అడగలేదు కదక్కా."

"గడువు అయిపోతాంది. దావా వేయకుండా ఉండాలంటే కొంచెమన్నా కట్టి వెనక సంతకం పెట్టు. మిగిలింది నీకు కుదిరినప్పుడు. వడ్డీ నేను వదిలేసినా, అసలు మాత్రం బిడ్డ ఫీజు, వదలను."

చాలాసేపు తల గోక్కున్నాడు. ఆ రోజు అట్లనడం తప్పే, తాగి ఉన్నానని అన్నాడు. తాగి ఉన్నావని నాకూ తెలుసు, తాగినోళ్లే లోపలున్నది చెప్తారు అన్నాను. దానికి వాడు నవ్వాడు, నేను నవ్వలేదు. ఊళ్లో ఇంక దీని గురించి ఎవరి దగ్గరా ఎత్తనని మాత్రం చెప్పాను. కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు, ఇప్పటికీ రచ్చబండ మీదుగా పోతే ఆ మాట చెవిలో పడుతుంది. కానీ తిరుగు ప్రయాణంలో ఆ ట్రాలీలోనే కూర్చున్నాను, మొక్కుబడి వచ్చేటప్పటికే కదా. అంతకుముందే మేనత్త అరిచి పిలిస్తే పరిగెత్తుకెళ్లి వెండి కళ్లు పళ్లెంలో వేసి దండం పెట్టుకున్నాను, వెనకవాళ్లు తోస్తుంటే సరిగా ప్రార్థన కూడా చేసుకోలేదు.

తర్వాతి ఆదివారం పూజ నుంచి వచ్చేసరికి వాడు మా ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పదివేలు తెచ్చాడు. నోటు వెనక తారీఖు వేసి, చెల్లు రాసి, సంతకం పెట్టాడు. అమ్మ ఆ సంతకాన్ని కొత్త కళ్లతో రెండుసార్లు చదివి, ఇంటిపేరు పొల్లు తప్పు రాశావురా అంది. మిగిలింది ఉల్లి అమ్మినాక అన్నాడు. ఈసారి మావైపు పండే కేపీ (కృష్ణాపురం) ఉల్లికి రేటు ఎట్ల ఉంటుందో చూడాలి.